నా గొంతు, అత్తయ్యగారి మొక్కు

నాకు గొంతు తిరిగొచ్చింది. ఆ సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్ళు కంగారు పడకుండా ఉంటారు. అచ్చం పాత గొంతు కాదు. కాస్త గరగర ఉంది, సాయంత్రానికి అలిసిపోతుంది. అయినా నాదే. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ ఆరు వారాల్లో అనలేకపోయిన మాటలన్నీ లోపలే ఉండిపోయి ఇప్పటికీ అన్నం తినేటప్పుడు అడ్డం పడుతున్నాయి. ఇంకోటి, గొంతుతో బతికే ఆడవాళ్ళు, టీచరమ్మలూ, వీధుల్లో కేకలేసి అమ్ముకునేవాళ్ళూ, నాలాగా నెలల తరబడి మిరియాల పాలు తాగుతూ కూర్చోకూడదని.

నేను బెజవాడ ట్రంకు ఎక్స్ఛేంజిలో టెలిఫోను ఆపరేటర్ని. పెళ్ళికి ముందే వచ్చిన ఉద్యోగం. మావారు రైల్వే పార్సిలాఫీసులో గుమాస్తా. కృష్ణలంకలో రెండు గదుల వాటాలో మేమిద్దరం, మా అత్తయ్యగారు, ఎనిమిదేళ్ళ సునీత, మూడేళ్ళ చంటి ఉంటాం. నా డ్యూటీ ఒక వారం పొద్దున ఏడింటి నుంచి రెండింటిదాకా, ఇంకో వారం మధ్యాహ్నం నుంచి. రెండింటికి అయిపోవాలి. కానీ నా కుర్చీలో కూర్చోవాల్సిన మనిషి వస్తే కదా! ఒకావిడ బిడ్డకి జ్వరం, ఇంకొకావిడకి బస్సు దొరకలేదు. కాల్స్ కలిపే బోర్డు ఖాళీగా వదిలి లేవకూడదు. సునీత బడి నాలుగింటికి వదులుతారు. "ఇవాళ గేటు దగ్గర నేనుంటానే" అని ఎన్నిసార్లు చెప్పానో, ఎన్నిసార్లు అది వాళ్ళ నాయనమ్మ చెయ్యి పట్టుకునే ఇంటికొచ్చిందో నాకే తెలీదు.

నవంబరు, డిసెంబరు

దివిసీమ ఉప్పెన సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. చూసినవాళ్ళు చూశారు. మాకు మాత్రం అది చెవుల్లోంచి వచ్చింది. ఆ వైపు లైన్లన్నీ తెగిపోయాయి. మిగిలిన ఒకటీ అరా లైన్లలో హోరు తప్ప మాట వినపడదు. హైదరాబాదు నుంచీ, మద్రాసు నుంచీ, బొంబాయి నుంచీ మనుషులు.

"అమ్మా, నాగాయలంక ఇప్పించమ్మా."

"లైను లేదండీ."

"మా అమ్మ అక్కడుందమ్మా. ఒక్కసారి చూడమ్మా."

ఏం చెప్తాం వాళ్ళకి? బందరు ఎక్స్ఛేంజిలో ఉన్న పిల్లని పట్టుకుని, ఊళ్ళ పేర్లు అక్షరం అక్షరం కేకేసి చెప్పి, అవతలి కేక విని, మళ్ళీ ఇవతలివాళ్ళకి చెప్పడం. నెల రోజులపాటు దాదాపు రోజూ రెండు డ్యూటీలు కలిపి చేశాను. అత్తయ్యగారి తమ్ముడిది నాగాయలంక దగ్గర పల్లె. మూడు రోజులు ఆవిడ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నాలుగో రోజు ఆ బందరు పిల్లే కనుక్కుని చెప్పింది, ఆయన ఎవరిదో డాబా ఎక్కి బతికిపోయాడని. ఆ కబురు పట్టుకుని పరుగున ఇంటికొచ్చాను. అత్తయ్యగారు వీధిలోకెళ్ళి, "మా కోడలే కనుక్కుంది! బోర్డు మీద కూర్చుని మా కోడలే కనుక్కుంది!" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పారు. ఈ మాట గుర్తుంచుకోండి. ఆవిడ మర్చిపోయారు.

క్రిస్మసుకి మా చర్చిలో పిల్లల నాటకం. సునీతకి దేవదూత వేషం. అట్టముక్కలతో రెక్కలు నేనే కత్తిరించాను. ఆ సాయంత్రం నేను బోర్డు మీదే ఉన్నాను.

"బాగా చెప్పావటగా!" అన్నాను తర్వాత.

"నువ్వు విన్నావేంటి?" అంది.

అప్పటికే నా గొంతు బొంగురుపోయింది.

జనవరి

బొంగురు గొంతుకి మందు చెప్పని మనిషి బెజవాడలో లేడు. మిరియాల పాలన్నారు, తాగాను. కరక్కాయ బుగ్గన పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. అడ్డసరం ఆకు కషాయమన్నారు. అది తాగిన రోజు గొంతు సంగతి ఏమోగానీ మిగతా ప్రాణం పోయినంత పనైంది. ఇవన్నీ మింగుతూ రోజూ ఏడు గంటలు మాట్లాడుతూనే ఉన్నాను. ఒకాయన "హలో సార్, కాస్త గుంటూరు ఇప్పించండి సార్" అన్నాడు. పక్క సీటు శేషారత్నం పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వితే నొప్పేసింది.

ఇంట్లో కూడా తక్కువ వాడానా? "సునీతా, స్నానం! చంటీ, దిగు! ఏమండీ, పాల గిన్నె దించండి!" డ్యూటీకెళ్ళేలోపు ఎక్స్ఛేంజిలో వాడేంత గొంతు వంటింట్లో వాడేసేదాన్ని. నా ఒంట్లో బాగోలేదని చెప్పాలన్నా అరిచే చెప్పాలి, లేకపోతే పేపరు చాటునున్న మావారికి వినపడదు. "గొంతు చూపించుకుంటానండీ, పిల్లల్ని ఒక పూట చూడండి" అంటే, "చూద్దాంలే" అన్నారు. మావారికి ఆ ఒక్క మాట ఉంటే చాలు. మిగతా తెలుగంతా ఆయనకి దండగ.

ఫిబ్రవరిలో ఒక పొద్దున బోర్డు మీద దీపం వెలిగింది. వైరు కొస బోర్డులో గుచ్చి నోరు తెరిచాను. ఏమీ రాలేదు. గాలొచ్చింది. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ గాలే. అవతల ఎవరో "హలో, హలో" అంటున్నారు. శేషారత్నం నా చేతిలోంచి వైరు లాక్కుని ఆ కాల్ తను తీసుకుంది. ఉప్పెన రోజుల్లో కూడా నేనంత భయపడలేదు.

ఫిబ్రవరి

సూర్యారావుపేటలో గొంతు డాక్టరుగారి వరండా. రెండు బెంచీలు. ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్ళందరూ మాట్లాడి మాట్లాడి చెడిపోయినవాళ్ళే. ఒక లెక్కల మాస్టారు, ఒక బస్సు కండక్టరు, ఒక పురోహితుడుగారు. నా పక్కన నాంచారమ్మ అని చేపలమ్మే మనిషి. బందరు వైపు నుంచి పొద్దున్నే గంపతో వచ్చి పటమటలో వీధి వీధీ తిరిగి అమ్ముతుందట. ఆవిడ గొంతు ఎండు కొబ్బరిమట్టని ఈడ్చినట్టుంది.

"అమ్ముకునేటప్పుడు అరిచేదాన్నమ్మా. ఉప్పెన్లో మా మరిది పిల్లలు పోయారు. అప్పుడు అరిచిందానికి మొత్తం పోయింది" అంది.

నేను ఏదో అనబోయాను. ఆవిడ నా నోటి మీద చెయ్యి పెట్టింది. "నువ్వు దాచుకో తల్లీ. నాకైతే పళ్ళెముంది, గరిటె పెట్టి కొడతాను, జనం వస్తారు. నీకు మాటేగా కూడు." ఆవిడ నంబరు నాకంటే ముందు. ఇంట్లో చంటిని వదిలొచ్చానని సైగ చేస్తే తన చీటీ నాకిచ్చి నాది తను తీసుకుంది.

డాక్టరుగారు చిన్న అద్దం పెట్టి చూశారు. "స్వరపేటిక మీద కాయలు కాశాయమ్మా. చేదతో నీళ్ళు తోడేవాళ్ళ అరచేతిలో కాస్తాయి చూడు, అలాగే. ఆరు వారాలు మాట్లాడకూడదు. ఒక్క మాట కూడా. గుసగుసలు అసలొద్దు, అది అరుపు కంటే చెడ్డది. మధ్యలో ఒక్క కేక వేసినా మళ్ళీ మొదటికొస్తుంది. తగ్గకపోతే కొయ్యాలి. కోశాక పాత గొంతు వస్తుందని నేను మాటివ్వలేను."

ఏడవచ్చా అని అడగాలనుకున్నాను. అడగకూడదు కదా.

సూపర్వైజరుగారు మంచావిడే. సెలవు రాయించారు. "ఆరు వారాలయ్యాక వచ్చి బోర్డు మీద కూర్చుని వినిపించాలి రత్నం. గొంతు లేకపోతే ఆ సీటు నీకుండదు. నా చేతిలో లేదమ్మా" అన్నారు. తలూపాను. తొమ్మిదేళ్ళ ఉద్యోగం నా గొంతులో ఉన్న రెండు కాయల మీద ఆధారపడిపోయింది.

అందుకే చెప్తున్నాను. రెండు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉంటే పాలూ మిరియాలూ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికెళ్ళండి. పిల్లల్ని ఎవరు చూస్తారంటారా? నేనూ అదే అనుకుని మూడు నెలలు చేటు చేసుకున్నాను.

మార్చి

సునీత పాత పలకకి దారం కట్టి మెళ్ళో వేసుకున్నాను. ఇక అదే నా నోరు. మొదటి వారం అందరికీ సరదాగా ఉంది. మావారు పేపరు మడిచి, "ఇల్లెంత ప్రశాంతంగా ఉందో చూశావా రత్నం" అన్నారు. బలపం విసిరాను. తగల్లేదు.

మాట పోయినవాళ్ళకి చెవులు కూడా పోయాయనుకుంటారు జనం. పక్క వాటా సుబ్బాయమ్మగారు నా మొహంలో మొహం పెట్టి, "కూ...రే...మిటీ?" అని అరిచేవారు. మార్కెట్లో ఆకుకూరలావిడ నన్ను పుట్టుమూగ అనుకుని, "పాపం, చక్కని మొహం" అంటూ ఇంకో కట్ట గోంగూర సంచీలో పడేసింది. ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళేదాకా నాలో నేను ఆవిణ్ణి తిడుతూనే ఉన్నాను.

చంటికి మరీ అర్థం కాలేదు. నా ఒళ్ళో ఎక్కి, రెండు చేతుల్తో నా నోరు తెరిచి లోపలికి చూసేవాడు. ఒకరోజు పొయ్యి మీద పాలుండగా వాడు వీధి గుమ్మం దాటేశాడు. అవతల నుంచి రిక్షా వస్తోంది. కేక నాలిక చివరిదాకా వచ్చింది. నాంచారమ్మ గుర్తొచ్చి, పళ్ళెం తీసుకుని గరిటెతో దబదబా కొట్టాను. వాడు ఉలిక్కిపడి ఆగాడు. వీధంతా బయటికొచ్చి చూసింది. పాలు మొత్తం పొంగిపోయాయి.

"నోరు లేకుండా పిల్లల్నెలా పెంచుతావమ్మా?" అన్నారు అత్తయ్యగారు.

నోరున్నప్పుడేమో "ఇంటిపట్టునుండకుండా ఎలా పెంచుతావమ్మా" అనేవారు. "ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాను కదా" అని రాసి చూపించాను. ఆవిడకి చదువు రాదు. "ఏమంటుందే మీ అమ్మ?" అని సునీతని అడిగారు.

సునీత చదివింది. అది ఏదైనా చదివేది. గొంతెత్తి, ఒత్తులు పలుకుతూ, బళ్ళో పాఠం చదివినట్టు. సుబ్బాయమ్మగారు గంటసేపటి నుంచి కదలకుండా కూర్చుంటే "ఈవిడెప్పుడు వెళ్తుంది?" అని మావారి కోసం రాశాను. అదీ చదివేసింది. ఆవిడ నాలుగు రోజులు మా గుమ్మం తొక్కలేదు. జబ్బు వల్ల కలిగిన మేలు అదొక్కటే.

ఆ ఆరు వారాలూ నాలుగింటికల్లా బడి గేటు దగ్గర నేనే ఉన్నాను. సునీత పరిగెత్తుకొచ్చి, పలక పట్టుకుని, "మా అమ్మకేం కావాలన్నా నేనే చెప్పాలి, తెలుసా?" అని తోటి పిల్లలకి చూపించేది. దారి పొడుగునా చెయ్యి వదిలేది కాదు, నోరు మూసేది కాదు. అది అంత మాట్లాడుతుందని నాకు అంతకు ముందు తెలీదు. దాని సంబరం నేను చూశాను. చూసి పక్కనపెట్టేశాను. నా ధ్యాసంతా గొంతు మీదే ఉంది.

మాది క్రైస్తవ కుటుంబం. ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాల్లో శుక్రవారం శుక్రవారం స్త్రీల ప్రార్థన కూటం ఒక్కో ఇంట్లో పెట్టుకుంటారు. నా నాలుగో వారంలో మా ఇంటి వంతొచ్చింది. కూటంలో మాకొక ఆచారం ఉంది. ఆఖరి ప్రార్థనలో అందరూ తలలు వంచి కళ్ళు మూసుకుంటారు. మొక్కుకోవాలనుకున్నవాళ్ళు పైకి చెప్తారు. అందరూ ఆమేన్ అంటారు. ఆమేన్ పడ్డ మొక్కుని పాస్టరమ్మగారు తన నోటు పుస్తకంలో రాసుకుంటారు. కోరిక నెరవేరాక సంఘం ముందు సాక్ష్యం చెప్పి మొక్కు చెల్లించాలి. కోడిని మొక్కినవాళ్ళు కోడిని, బియ్యం మొక్కినవాళ్ళు బియ్యం తెస్తారు. మొక్కి ఎగ్గొట్టిన ఇంటితో మావాళ్ళు పెళ్ళి సంబంధం కూడా కలుపుకోరు.

ఆ రోజు అత్తయ్యగారు కొంగు తల మీదకి లాక్కుని మొదలెట్టారు.

"తండ్రీ, నా కోడలి గొంతు నీ చేతిలో ఉంది. ఆ గొంతు నువ్వు తిరిగి ఇచ్చావంటే, నా కోడలు ఆ ఉద్యోగం మానేసి, ఇంటినీ బిడ్డల్నీ చూసుకుంటుంది ప్రభువా. ఈ అక్కచెల్లెళ్ళ ముందు నీకు మాటిస్తున్నాను."

నా చెవుల్ని నేను నమ్మలేదు. మనిషి ఉద్యోగాన్ని కోడిపిల్లలాగా మొక్కెయ్యడం నేనెక్కడా వినలేదు. అదీ నాది! నన్నడక్కుండా! "వద్దు" అనే ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను. డాక్టరుగారు గుర్తొచ్చారు. కేకేస్తే గొంతు పోతుంది, గొంతు పోతే ఉద్యోగం పోతుంది. కేకెయ్యకపోతే మొక్కులో పోతుంది. ఇంత అన్యాయం ఉంటుందా! గబగబా పలక మీద "వద్దు. నేను ఒప్పుకోను. పైకి చదువు" అని రాసి, పక్కనే ఉన్న సునీతని మోచేత్తో పొడిచి, పలక దాని ఒళ్ళోకి తోశాను. అది తల ఇంకా వంచింది. గదిలో ఇరవైమంది ఒక్కసారిగా "ఆమేన్" అన్నారు.

నా కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే అది భక్తి అనుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు కావలించుకున్నారు. "ధన్యురాలివమ్మా, ఇలాంటి అత్తగారు దొరికింది" అన్నారు. అప్పటికే పాస్టరమ్మగారు రాసేసుకుని, ఇంకో ఇంట్లో ఎవరికో బాగోలేదని వెళ్ళిపోయారు. పలక ఎప్పుడు తుడుచుకుపోయిందో, సునీత గౌనుకి సుద్ద అంటుకుని ఉంది. పాపం కళ్ళు మూసుకుంది కదా, చూసి ఉండదు అనుకున్నాను.

మావారు ఇంటికి రాగానే జరిగింది రాసి చూపించి, "మీ అమ్మగారికి మీరు చెప్పండి" అని కింద గీత కొట్టాను.

"ముందు గొంతు రానీ రత్నం. రాకపోతే ఈ గొడవే లేదుగా. చూద్దాంలే."

శుభ్రమైన గొంతు, ఒక్క కాయైనా లేని గొంతు పెట్టుకుని ఆ మాటన్నారు!

పాస్టరమ్మగారికి ఉత్తరం రాశాను. మళ్ళీ చించేశాను. అత్తయ్యగారు నలుగురి ముందు నోటితో అన్నదాన్ని నేను చాటుగా కాగితం పంపించి కొట్టేయించడమేమిటి? నేనూ నోటితోనే అంటాననుకున్నాను. మిగిలిన రెండు వారాలూ నిద్రలో కూడా పలవరించకూడదని పళ్ళు బిగించి పడుకున్నాను.

ఏప్రిల్

"కాయలు కరిగాయమ్మా" అన్నారు డాక్టరుగారు అద్దం తీసి. "ఇప్పుడు మెల్లగా, బలవంతం చెయ్యకుండా, నీ పేరు చెప్పు."

"రత్నకుమారి" అన్నాను. ఎవరిదో గొంతు, సన్నగా, పక్క గదిలోంచి వచ్చినట్టు. డాక్టరుగారి బల్ల పట్టుకుని భోరుమన్నాను. "ఏడుపు కూడా మెల్లగా" అన్నారాయన.

వరండాలో నాంచారమ్మ ఉంది. ఆవిడ గొంతు అలాగే ఉంది. "మాట్లాడకుండా ఆరు వారాలు చేపలెవరు కొంటారమ్మా? నాకు సెలవెవరిస్తారు?" అంది. నా మాట విని మాత్రం చప్పట్లు కొట్టింది. నాకు సిగ్గేసింది.

శుక్రవారం ఎక్స్ఛేంజికెళ్ళి బోర్డు మీద కూర్చుని సూపర్వైజరుగారి ముందు నాలుగు కాల్స్ కలిపాను. "సోమవారం పొద్దున డ్యూటీకి వచ్చెయ్. మధ్య మధ్య వేణ్ణీళ్ళు తాగు" అన్నారు. అంటే మధ్యలో ఒక్క ఆదివారం ఉంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు నోటు పుస్తకం తెరిచి నా పేరు పిలిచారు. అత్తయ్యగారు ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. నేను లేచి నిలబడ్డాను. ఆరు వారాలు కూడబెట్టుకున్న గొంతు, గట్టిగా వాడకూడదు. అందరూ ముందుకి వంగి విన్నారు.

"నా కోసం ప్రార్థన చేసిన అందరికీ వందనాలు. గొంతు వచ్చింది, దేవునికి స్తోత్రం. కానీ ఆ మొక్కు నేను మొక్కలేదు. నన్నెవరూ అడగలేదు. వద్దని అరుద్దామంటే ఆ రోజు నాకు నోరు లేదు. ఇవాళ ఉంది కాబట్టి చెప్తున్నాను. రేపు పొద్దున ఏడింటికి నాకు డ్యూటీ. నేను వెళ్తాను."

సంఘ పెద్ద ఒకాయన, "దేవునితో పరాచకాలేమిటమ్మా?" అన్నాడు. మావారు పైకప్పు చూస్తున్నారు. పాస్టరమ్మగారు ఇరవై ఏళ్ళుగా బళ్ళో పాఠాలు చెప్తున్న మనిషి, ఆదివారం కూడా వేళ్ళకి సుద్ద వదలదు. ఆవిడ కళ్ళజోడు తీసి, "ఎవరి మొక్కు వాళ్ళే చెల్లించాలండీ. ఇందులో రత్నం మొక్కింది ఏమీ లేదు" అని పేజీ తిప్పేశారు. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇంటి గుమ్మం దాటగానే అత్తయ్యగారు, "నా పరువు తీశావు" అన్నారు.

"మీ తమ్ముడి కబురు తెచ్చింది ఈ ఉద్యోగమే కదండీ? ఆ రోజు వీధంతా చెప్పుకున్నారు!"

"తెచ్చావమ్మా. కాదన్నానా? ఆ నెలంతా నీ చంటాణ్ణి చంకనేసుకుంది ఎవరు? సునీతని బడికి తిప్పింది ఎవరు?" మంచం మీద కూలబడి చీర పైకి లాగారు. రెండు మోకాళ్ళూ బూరెల్లాగా వాచి ఉన్నాయి. "నీ గొంతు కోసం కూటం పెట్టించాను. నా మోకాళ్ళ కోసం ఎవరైనా ఒక్క ప్రార్థన చేశారా? ఇక నావల్ల కాదు అని ఎవరితో చెప్పుకోను? దేవుడితో చెప్పుకున్నాను!"

ఎనిమిదేళ్ళుగా ఆ మోకాళ్ళ మీద నడుచుకుంటూ నేను డ్యూటీకి వెళ్తున్నానని నాకెప్పుడూ తట్టలేదు. ఆవిడ చేసింది తప్పే, ఇప్పటికీ తప్పే అంటాను. కానీ నా కోపం ఆవిడ మీద నిలవలేదు. తిన్నగా పేపరు వైపు వెళ్ళింది.

"ఏమండీ. రేపట్నుంచి చంటికి నీళ్ళు పోసి, అన్నం పెట్టి, సునీతని బళ్ళో దింపి ఆఫీసుకెళ్ళండి. మీ అమ్మగారు మంచం దిగరు."

"చూద్దాంలే..."

"చూడ్డం కాదు. దింపండి."

మెల్లగానే అన్నాను. పేపరు కిందికి దిగింది.

సోమవారం

తెల్లారి ఆరింటికి సునీతకి జడలు వేస్తున్నాను. ఆయన పెరట్లో చంటికి నీళ్ళు పోస్తున్నారు, వాడు కెవ్వుమంటున్నాడు. నీళ్ళు ఎక్కువ కాగినట్టున్నాయి. అత్తయ్యగారు మంచం మీద నుంచే సలహాలు చెప్తున్నారు. నాకు లోపల్లోపల గెలిచినట్టే ఉంది.

"అమ్మా" అంది సునీత అటు తిరిగే. "ఆ కూటం రోజు పలక నాకు కనపడింది."

దువ్వెన ఆగిపోయింది.

"చదివావా?"

"ఊఁ."

"మరి పైకెందుకు చదవలేదే?"

రిబ్బను కొస నోట్లో పెట్టుకుని నమిలింది. "అందరితోపాటు నేను కూడా ఆమేన్ అన్నాను" అంది. తర్వాత ఇంకా చిన్నగా, "నువ్వు రోజూ గేటు దగ్గరికి వస్తున్నావు కదా, అందుకని."

సంఘం మొత్తానికి జవాబు చెప్పాను. అత్తగారికి చెప్పాను, మొగుడికి చెప్పాను. ఈ ఎనిమిదేళ్ళ పిల్లకి చెప్పడానికి ఒక్క మాట రాలేదు. గొంతు చెడి కాదు. ఏం చెప్పాలో తెలీక. బస్సుకి టైమవుతోంది. రెండో జడకి రిబ్బను ముడేసి, మేకుకి వేలాడుతున్న పలక తీసుకుని, "ఇవాళ నాలుగింటికి గేటు దగ్గర నేనుంటాను" అని రాసి దాని చేతికిచ్చాను.

అది చదువుకుంది. ఈసారి పైకి చదవలేదు. అరచేత్తో పలక తుడిచేసి, సంచీలో పెట్టుకుని, "చూద్దాంలే" అంది, అచ్చం వాళ్ళ నాన్నలాగే.